ఎర్లీ డెసిషన్ సంతకానికి ముందు మేం వేసుకున్న లెక్క

మా అమ్మాయి పన్నెండో తరగతిలోకి వచ్చిన సెప్టెంబరులో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ పేరు చెప్పి, "అమ్మా, నేను అక్కడికి ఈడీ వేస్తాను. మీలో ఒకరు సంతకం పెట్టాలి" అంది. మా వారు అన్నం కలుపుతూ, "అప్లికేషన్ నీది కదమ్మా, మా సంతకం దేనికి?" అన్నారు.

మేమిద్దరం తెనాలి వైపు వాళ్ళం. ఎంసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో మా వంతు వచ్చేసరికి మిగిలిన సీట్లలో ఒకటి పట్టుకుని చదువుకున్నాం. ఫీజు ఎంతో ముందే తెలుసు. ఇక్కడ డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా, పిల్ల కాలేజీ వయసుకు వచ్చేదాకా ఈ ఎర్లీ డెసిషన్ సంగతి మాకు పైపైనే తెలుసు. ఆ రాత్రి మొదలుపెట్టి ఏప్రిల్ దాకా నేను తెలుసుకున్నది, మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. నా ఫోనుకి ఇప్పటికీ వారానికి ఒకరైనా మెసేజ్ పెడుతున్నారు, "ఈడీ వేస్తే ఛాన్స్ ఎక్కువంట కదా అక్కా" అని.

ముందు నియమం ఏమిటో చెప్తాను. ఈడీ అంటే ఎర్లీ డెసిషన్. ఇందులో ఒకే ఒక్క కాలేజీకి, మామూలుగా నవంబరు 1 లేదా 15 లోపు అప్లై చేస్తారు. డిసెంబరు మధ్యలో ఫలితం వస్తుంది. సీటు వస్తే చేరి తీరాలి, మిగతా కాలేజీల అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందం మీద పిల్ల, తల్లిదండ్రుల్లో ఒకరు, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. ఇచ్చిన ఆర్థిక సాయంతో చదివించడం కుదరని పక్షంలో తప్పుకోవచ్చన్న మినహాయింపు ఒకటి ఉంది. ఎర్లీ యాక్షన్ అలా కాదు, తొందరగా అప్లై చేస్తాం, తొందరగా తెలుస్తుంది, కట్టుబడి ఉండక్కర్లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఉండేది ఈ రెండో రకమే, కాకపోతే అక్కడ వేస్తే మరో ప్రైవేటు కాలేజీకి ఎర్లీలో వేయకూడదన్న షరతు ఉంటుంది. మన వాళ్ళు ఈ రెంటినీ కలిపేసి "ఎర్లీ" అనేస్తారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి రెంటికీ చాలా తేడా.

మా అమ్మాయి వాదన అంకెలతో వచ్చింది. తన స్నేహితులంతా మాట్లాడుకునేవి ఆ అంకెలే. బ్రౌన్ యూనివర్సిటీనే తీసుకోండి. 2024లో చేరిన బ్యాచ్‌కి ఈడీలో 6,244 మంది అప్లై చేస్తే 898 మందికి సీటొచ్చింది, అంటే 14 శాతం పైన. మొత్తం మీద చూస్తే సుమారు 48,900 అప్లికేషన్లకు 2,521 సీట్లు, 5 శాతం చిల్లర. బయటికి చెప్పే అంకె ఇదే. ఈడీ వాళ్ళను తీసేసి రెగ్యులర్‌లో, అంటే మామూలు గడువులో వేసిన వాళ్ళను మాత్రం లెక్కేస్తే దాదాపు 42,650 మందిలో 1,623 మంది, 4 శాతం కూడా లేదు. బ్రౌన్‌లో ఏటా చేరేది 1,700 మంది ప్రాంతం. అంటే సగం పైగా సీట్లు డిసెంబరు నాటికే అయిపోతున్నాయి. యూపెన్‌లోనూ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) సగం క్లాసు ఈడీతోనే నిండుతుంది.

"చూశావా, ఈడీ వేస్తే మూడున్నర రెట్లు ఛాన్స్" అంది మా అమ్మాయి.

ఆ మూడున్నర రెట్లు తనకు వర్తిస్తాయా అన్నదే నా అనుమానం. ఈడీలో అప్లై చేసేవాళ్ళలో కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు ఉంటారు, తల్లో తండ్రో అదే కాలేజీలో చదివిన పిల్లలు ఉంటారు. హార్వర్డ్ అడ్మిషన్ల మీద నడిచిన కేసు 2018లో విచారణకు వచ్చినప్పుడు బయటపడిన లెక్కల ప్రకారం, అక్కడ కోచ్‌లు ఎంచుకున్న క్రీడాకారుల్లో 86 శాతం మందికి సీటు వచ్చింది. ఇలాంటి వాళ్ళు ఎర్లీలోనే వేస్తారు కాబట్టి ఆ శాతం పైకి లేచి కనిపిస్తుంది. మా అమ్మాయి టెన్నిస్ ఆడేది స్కూలు జట్టు వరకే. మేం చదువుకున్నది గుంటూరు జిల్లాలో. వీళ్ళందర్నీ పక్కన పెడితే ఆ 14 శాతం ఎంతకు దిగుతుందో కాలేజీలు విడదీసి చెప్పవు.

అలాగని లాభమే లేదనడం కూడా అబద్ధమే. 2003లో హార్వర్డ్ ఆచార్యులు వేల అప్లికేషన్లను తిరగేసి, ఎర్లీలో వేస్తే కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 100 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నంత ప్రయోజనం ఉందని తేల్చారు. ఇరవై ఏళ్ళ కిందటి మాట అది. ఈ మధ్య ఎర్లీలో నింపే సీట్లు పెరిగాయే గానీ తగ్గలేదు.

కాలేజీలకు దీని మీద ఎందుకంత మోజు అన్నది అర్థమయ్యాకే నాకు మిగతాదంతా అర్థమైంది. ఒక కాలేజీలో 2,000 సీట్లున్నాయి, 40,000 మంది అప్లై చేశారనుకుందాం. పిలిచిన వాళ్ళలో నూటికి 40 మంది చేరతారు. దీన్ని యీల్డ్ అంటారు. అందర్నీ రెగ్యులర్‌లోనే తీసుకుంటే 2,000 మంది చేరడానికి 5,000 మందిని పిలవాలి, యాక్సెప్టెన్స్ రేటు, అంటే అప్లై చేసిన వాళ్ళలో సీటు దక్కిన వాళ్ళ వాటా, పన్నెండున్నర శాతం. అదే కాలేజీ 1,000 సీట్లు ఈడీలో నింపేస్తే, ఆ వెయ్యిమందీ చేరి తీరతారు కాబట్టి వెయ్యిమందిని పిలిస్తే చాలు. మిగతా వెయ్యికి 2,500 మందిని పిలుస్తారు. మొత్తం 3,500. రేటు తొమ్మిది శాతం కిందికి దిగింది. అదే కాలేజీ, అవే క్లాసులు, అవే సీట్లు. చదువులో రవ్వంత తేడా లేదు, చూసేవాళ్ళకు మాత్రం "అబ్బో, చాలా కష్టమైన కాలేజీ" అయిపోయింది. కాలేజీలకు ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ సంస్థ యీల్డ్‌ని లెక్కలోంచి 2003లో తీసేశారు, యాక్సెప్టెన్స్ రేటుని 2018లో తీసేశారు. అయినా తల్లిదండ్రుల నోట్లోంచి అది పోలేదు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజు పార్టీల్లో "వాళ్ళ రేటెంత?" అనే అడుగుతారు.

కాలేజీకి దక్కే రెండోది ఇంకా పెద్దది. ఈడీలో వచ్చే కుటుంబం బేరమాడదు. ఇంకో కాలేజీ ఎంతిస్తుందో తెలియకుండానే ఒప్పుకుంటుంది. ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటిన ఈ రోజుల్లో, చేతిలో ఇంకో ఆఫర్ లేకుండా ఒప్పుకోవడమంటే ఎవరికి కుదురుతుంది? కలిగినవాళ్ళకు. 2006లో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, వర్జీనియా యూనివర్సిటీ ఎర్లీ పద్ధతినే ఎత్తేసినప్పుడు చెప్పిన కారణం కూడా ఇదే, లేనివాళ్ళ పిల్లలు వెనకబడుతున్నారని. మిగతా కాలేజీలు వాళ్ళ బాట పట్టలేదు. 2011లో ముగ్గురూ మళ్ళీ ఎర్లీకి వచ్చేశారు.

మా వారిది సాఫ్ట్‌వేర్, నాది టెస్టింగ్. ఇద్దరి జీతాలతో ఇల్లు సుఖంగా గడుస్తుంది. వెనక అబ్బాయి ఉన్నాడు, వాడు రెండేళ్ళు చిన్న. తెనాలిలో మా అత్తగారికి, మా అమ్మకి నెలనెలా పంపాలి. ఆర్థిక సాయానికి ఎక్కువ సంపాదించేవాళ్ళం, సొంతంగా కట్టడానికి తక్కువ సంపాదించేవాళ్ళం. ఫ్రిస్కోలో మన తెలుగు కుటుంబాలు చాలా వరకు ఈ రెంటి మధ్యనే ఉన్నాయి. అందుకని నేను పిల్లతో, "నీ మనసు మార్చను. ముందు కాలిక్యులేటర్ నింపుదాం, అంకె చూశాక మాట్లాడదాం" అన్నాను.

ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్, అంటే సాయం పోను మనం కట్టాల్సిందెంతో అంచనా వేసి చెప్పేది, పెట్టాలని 2011 నుంచి నిబంధన ఉంది. శనివారం పొద్దున ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. 2025లో చేరే పిల్లలకు 2023 ట్యాక్స్ రిటర్న్ చూస్తారు, అది ప్రింట్ తీశాను. జీతాలు, బ్యాంకులో నిల్వ, పిల్లల పేరున కాలేజీ చదువుకని దాచే 529 ఖాతా, ఇవి తేలిగ్గానే అయ్యాయి. తర్వాత ఇంటి విలువ అడిగింది. ఫాఫ్సాలో, అంటే ఫెడరల్ సాయం కోసం నింపే దరఖాస్తులో, మనం ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. కానీ కాలేజ్ బోర్డు నడిపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో సాయం దరఖాస్తు వాడే ప్రైవేటు కాలేజీల్లో కొన్ని దాన్నీ లెక్కేస్తాయి. మేం కొన్ననాటికి ఇప్పటికి ఇంటి ధర బాగా పెరిగింది. ఆ పెరిగింది మా చేతిలో ఉన్న డబ్బేమీ కాదు, అమ్మితే ఎక్కడ ఉంటాం?

తర్వాతి పెట్టె, వేరే స్థిరాస్తులు. మా వారు మౌస్ పట్టుకుని ఆగిపోయారు. తెనాలిలో ఆయన పేరున, మామయ్యగారు రాసిచ్చిన స్థలం ఉంది. "రిజిస్ట్రేషన్ విలువ వేయాలా, మార్కెట్ విలువా?" అని నన్నడిగారు. ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అదే వేయాలి. మా మరిదికి వాట్సాప్‌లో ఫోన్ చేసి గజం ఎంత పలుకుతోందో కనుక్కుని, డాలర్లలోకి మార్చి వేశాం. అమ్మకి, అత్తగారికి పంపే డబ్బుకి మాత్రం ఎక్కడా పెట్టె లేదు. అసలు సీఎస్‌ఎస్ ప్రొఫైల్‌లో ప్రత్యేక పరిస్థితులు రాసుకోవడానికి కాస్త చోటు ఉంటుంది, పట్టించుకోవడం పట్టించుకోకపోవడం వాళ్ళ ఇష్టం.

చివరికి వచ్చిన అంకె ఏడాదికి 71 వేల డాలర్లు. నాలుగేళ్ళకు, ఫీజులు పెరగవనుకున్నా, 2 లక్షల 84 వేలు. రెండేళ్ళ తర్వాత తమ్ముడు కూడా కాలేజీకి వెళ్తాడు. అంతకుముందు ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సాలో వాటా పంచేవాళ్ళు, 2024-25 నుంచి అది తీసేశారు. సీఎస్‌ఎస్ కాలేజీలు కొన్ని ఇంకా చూస్తున్నాయి.

మా అమ్మాయి చాలాసేపు ఆ స్క్రీన్ వంకే చూసింది. "మరి సీటొచ్చాక సాయం చాలదని తప్పుకోవచ్చు కదా?" అంది. అది తను ఒప్పందంలో చదివిన మినహాయింపే. మా వారు నెమ్మదిగా చెప్పారు, "అంకె ముందే తెలిసి సంతకం పెట్టి, తర్వాత తెలియదన్నట్టు తప్పుకుంటే అది మాట తప్పడమే అవుతుందమ్మా. నీ కౌన్సెలర్ కూడా సంతకం పెడుతోంది. రేపు నీ వెనకొచ్చే పిల్లలకు ఆ స్కూలు పేరు అడ్డం కాకూడదు." ఆ రోజు ఆయన అలా అన్నందుకు నాకు చాలా గౌరవం కలిగింది. ఆయన భయపడింది ఉత్తినే కాదని తర్వాత తెలిసింది. ఒక విద్యార్థి ఈడీ ఒప్పందం తప్పాడని, 2025లో టులేన్ యూనివర్సిటీ డెన్వర్‌లోని ఒక ప్రైవేటు స్కూలు పిల్లలెవరూ ఏడాదిపాటు తమకు ఈడీ వేయడానికి లేదని తేల్చేసింది. తప్పిందొకరు, దెబ్బ పడింది కింది క్లాసు పిల్లల మీద.

కాబట్టి ఆ కాలేజీకి ఈడీ వేయలేదు. అది మేం పిల్ల మీద రుద్దిన నిర్ణయం కాదు. మేం ఏడాదికి ఎంత కట్టగలమో కాగితం మీద రాసిచ్చాం, అప్పు లేకుండా ఎంత, కొంచెం అప్పుతో ఎంత అని. అది చూసి తనే రెండు రోజులు ఆలోచించుకుని, "రెగ్యులర్‌లో వేస్తాను" అంది. ఆ రెండు రోజులూ తను మాతో సరిగ్గా మాట్లాడలేదు. పదిహేడేళ్ళ పిల్లకు అది చిన్న విషయం కాదు.

టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్‌లో మాత్రం అది తగ్గుతూ వచ్చి, మా అమ్మాయి బ్యాచ్‌కి 6 శాతం, ఆ మరుసటి ఏడాదికి 5 శాతం అయింది. ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ స్కూళ్ళలో మన పిల్లలు, చైనా పిల్లలు, కొరియా పిల్లలు అందరూ ఏపీ క్లాసులతో (కాలేజీ స్థాయి పాఠాలు) పోటీ పడుతుంటారు. వేరే ఊళ్ళో అయితే ఫస్టు వచ్చే పిల్ల ఇక్కడ పదో శాతం చుట్టూ తిరుగుతుంది. మా అమ్మాయి పరిస్థితీ అదే. అందుకని ఇన్-స్టేట్ యూనివర్సిటీలు మూడింటికి తొందరగా వేసింది, కట్టుబడక్కర్లేదు కాబట్టి భయం లేదు. మెరిట్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ప్రైవేటు కాలేజీలు కొన్ని వెతికింది. ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. మార్కులు బాగున్నాయి కదా ఎంతో కొంత ఇస్తారులే అనుకునే తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు.

డిసెంబరు మధ్యలో మా కాలనీ అంతా ఒకటే టెన్షన్. మా వీధిలో ఇద్దరు పిల్లలకు ఈడీ ఫలితాలు వచ్చాయి. ఒకమ్మాయికి సీటొచ్చింది. వాళ్ళది మొత్తం కట్టుకోగల కుటుంబం, ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ అదే కాలేజీ మీద మనసు. వాళ్ళకు ఈడీ నూటికి నూరుపాళ్ళూ సరైన దారి. స్వీట్లు పట్టుకొస్తే మనస్ఫూర్తిగా సంతోషించాం. రెండో అబ్బాయిని డిఫర్ చేశారు. డిఫర్ అంటే కాదనలేదు, రెగ్యులర్ వాళ్ళతో కలిపి మళ్ళీ చూస్తామన్నారు. అప్పుడు ఒప్పందం కూడా రద్దయిపోతుంది. ఆ ఇంట్లో క్రిస్మస్ సెలవులన్నీ ఈడీ-2 చర్చతోనే గడిచాయి. జనవరి మొదట్లో ఇంకో కాలేజీకి మళ్ళీ కట్టుబడి వేయొచ్చు, ఫిబ్రవరిలో చెప్తారు. మొదటి దెబ్బ తిన్న పిల్లలు, భయపడిన తల్లిదండ్రులు, చేతిలో రెండు వారాలు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ అబ్బాయి తల్లి నాకు ఫోన్ చేస్తే ఒక్కటే అడిగాను, "ఆ రెండో కాలేజీ కాలిక్యులేటర్ నింపారా?" అని. నింపలేదు. ఆ రాత్రే నింపి, వద్దనుకున్నారు.

హెచ్-4 వీసా (హెచ్-1 ఉద్యోగుల మీద ఆధారపడినవాళ్ళకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లల కష్టం ఇంకో రకం. ఇక్కడే ఎలిమెంటరీ నుంచి చదివినా వాళ్ళకు ఫాఫ్సా లేదు, చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్ళను విదేశీ విద్యార్థుల లెక్కలోనే చూస్తాయి. సాయం అడిగితే సీటు వచ్చే అవకాశమే తగ్గే కాలేజీలున్నాయి. అలాంటి కుటుంబాలు ఈడీ సంతకం పెట్టే ముందు అడ్మిషన్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

మార్చి ఆఖరు వారంలో మా అమ్మాయి కోరుకున్న కాలేజీ నుంచి కాదన్న జవాబు వచ్చింది. ఆ సాయంత్రం తను గదిలోంచి బయటికి రాలేదు. నేను పెరుగన్నం కలిపి తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఈడీ వేసుంటే వచ్చేదేమో" అంది. వచ్చేదేమో. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను "రాదులే" అని ఓదార్చలేదు, అది నిజమో కాదో నాకే తెలియనప్పుడు.

ఏప్రిల్ మొదటి వారానికి ఆఫర్లు టేబుల్ మీదికి వచ్చాయి. ఒక రాష్ట్ర యూనివర్సిటీ ఆనర్స్ ప్రోగ్రాంలో సీటు, ట్యూషన్‌లో చాలా భాగం స్కాలర్‌షిప్. రెండు ప్రైవేటు కాలేజీలు, మెరిట్‌తో. ఉత్తరాలు చదవడం కూడా ఒక విద్యే. ఒకదాంట్లో "మీకు ఇస్తున్న సాయం" అని పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తంలో లోన్లు, వర్క్-స్టడీ (చదువుకుంటూ క్యాంపస్‌లో పనిచేసి సంపాదించుకునేది) కూడా కలిపేశారు. తిరిగి కట్టాల్సిన డబ్బు సాయమెలా అవుతుంది? మా అమ్మాయి స్ప్రెడ్‌షీట్ తెరిచి, లోన్లు తీసేసి, హాస్టల్, తిండి, విమానం ఖర్చులు కలిపి, ప్రతి కాలేజీకీ మా జేబులోంచి పోయేదెంతో ఒక్క అంకె వేసింది. తర్వాత రెండు ప్రైవేటు కాలేజీల్లో తనకు ఎక్కువ నచ్చినదానికి మర్యాదగా ఈమెయిల్ రాసింది. మీ దగ్గరే చేరాలనుంది, ఇంకో కాలేజీ ఇంత ఇస్తోంది, మరోసారి పరిశీలించగలరా అని రెండో ఉత్తరం జతచేసింది. పదిరోజుల్లో ఏడాదికి 6 వేల డాలర్లు పెంచారు. పద్దెనిమిదేళ్ళయినా నిండని పిల్ల రాసిన ఒక్క ఈమెయిల్‌కి నాలుగేళ్ళలో 24 వేల డాలర్లు. ఈడీ సంతకంతో కాలేజీకి వదిలేసుకునేది సరిగ్గా ఈ అవకాశాన్నే.

చివరికి తను ఎంచుకున్నది అది కూడా కాదు, రాష్ట్ర యూనివర్సిటీనే. రెండేళ్ళ మాస్టర్స్‌కి డబ్బు మిగులుతుంది, మొదటి ఏడాది నుంచే ల్యాబ్‌లో పని చేయొచ్చు అని లెక్కలు చెప్పింది. ఇప్పుడు బయోమెడికల్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది.

ఈ పద్ధతి మీద పెద్ద వివాదమే నడుస్తోంది ఇప్పుడు. 2025 ఆగస్టులో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో 32 కాలేజీల మీద, కాలేజీల అప్లికేషన్లు పంపే కామన్ యాప్ మీద దావా వేశారు, ఈడీ వల్ల కాలేజీల మధ్య ధర పోటీ లేకుండా పోతోందని. వర్జీనియా టెక్ 2023లో ఈడీని మానేసింది. మిషిగన్ యూనివర్సిటీ అదే 2025లో కొత్తగా మొదలుపెట్టింది. నా మటుకు నాకు ఈడీ పూర్తిగా పోవాలనే ఉంది. అది పోయేదాకా కనీసం రెండు పనులు చేయాలి. ఈడీ శాతంలోంచి క్రీడాకారుల్ని, పాత విద్యార్థుల పిల్లల్ని విడదీసి ప్రకటించాలి. సంతకానికి ముందే ఖచ్చితమైన ఖర్చు రాసివ్వాలి. స్కూలు కౌన్సెలర్లు ఒక్కొక్కరికి 250 మంది పిల్లలకు మించి ఉండకూడదని వాళ్ళ జాతీయ సంఘమే చెప్తుంది. మా స్కూల్లో అంతకన్నా చాలా ఎక్కువ. ఇవన్నీ కూర్చుని వివరించే తీరిక మా కౌన్సెలర్‌కి ఎక్కడిది?

మా అబ్బాయి ఇప్పుడు పదకొండో తరగతి. వాడి లిస్టులో మిషిగన్ ఉంది. అక్కడికి బయటి రాష్ట్రం పిల్లలకు ఫీజు ఎక్కువ. వచ్చే శనివారం అక్కడి కాలిక్యులేటర్ నింపుదామన్నాను. 2025 ట్యాక్స్ రిటర్న్ ప్రింట్ తీసి పెట్టాను, తెనాలిలో గజం ఎంతుందో మరిదిని మళ్ళీ అడగాలి.